ఎప్పుడు ఆపాలి: ఫిజికల్ థెరపిస్ట్ అసిస్టెంట్ చదువుకు అసలు పునాది

అమెరికాలో ఫిజికల్ థెరపిస్ట్ అసిస్టెంట్ చదువు 1967లో మొదలైంది. మయామీలోను, మినసోటాలోను రెండు జూనియర్ కాలేజీలు తొలి కోర్సులు పెట్టాయి. 1969లో తొలి బ్యాచ్ పట్టా పుచ్చుకుంది. ఇవాళ అది రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ. కోర్సు పూర్తయ్యాక జాతీయ పరీక్ష రాసి, పనిచేయబోయే రాష్ట్రంలో లైసెన్సు గానీ సర్టిఫికెట్ గానీ తీసుకోవాలి. పనుల విభజనలోనూ గందరగోళం లేదు. రోగిని మొదట పరీక్షించేది, సమస్య ఏమిటో తేల్చేది, చికిత్స ప్రణాళిక రాసేది, అవసరమైతే దాన్ని మార్చేది థెరపిస్ట్. ఆ ప్రణాళికలో తనకు అప్పగించిన భాగాన్ని రోగి చేత చేయించేది అసిస్టెంట్.

ఈ విభజన చూసి, నిర్ణయాలన్నీ థెరపిస్టువే కనక అసిస్టెంట్‌కు వ్యాయామాలు చేయించే నేర్పు ఉంటే సరిపోతుందనుకునేవాళ్లు చాలామంది. కోర్సులో కొత్తగా చేరిన విద్యార్థుల్లోనూ ఈ అభిప్రాయం కనిపిస్తుంది. కానీ ప్రణాళిక రాసిన నాడు ఉన్నట్టే రోగి ఇవాళా ఉంటారన్న హామీ లేదు. మధ్యలో డాక్టర్ బీపీ మాత్ర మార్చి ఉండొచ్చు. రాత్రంతా నిద్ర పట్టకపోయి ఉండొచ్చు. పిక్కలో కొత్తగా వాపు మొదలై ఉండొచ్చు. ఆ మార్పు చాలాసార్లు ముందుగా కనబడేది అసిస్టెంట్‌కే. రాసినట్టే కొనసాగించాలా, కాస్త తగ్గించాలా, ఆపేసి థెరపిస్టుకు చెప్పాలా అన్న ప్రశ్న ఒక్క సెషన్‌లోనే పలుమార్లు ఎదురవుతుంది. శరీర నిర్మాణం, శరీర ధర్మం, వ్యాధుల తీరు గురించి కోర్సులో చెప్పే పాఠాలు ఎక్కువగా పనికొచ్చేది ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోవడానికే.

అంకె కన్నా దాని దిశ ముఖ్యం

విశ్రాంతిగా ఉన్న పెద్దవారిలో గుండె నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకుంటుంది. ఊపిరి 12 నుంచి 20 సార్లు ఆడుతుంది. అమెరికా హృద్రోగ సంఘాలు 2017లో సవరించిన లెక్క ప్రకారం బీపీ 120/80 లోపు ఉంటే మామూలు, 130/80కి చేరితే అధిక రక్తపోటు. ఇవి బట్టీ పట్టడం ఒక పూట పని. వ్యాయామం మొదలయ్యాక ఏ అంకె ఎటు కదలాలో తెలియడం దగ్గరే కష్టం. శ్రమ పెరిగే కొద్దీ గుండె వేగం పెరగాలి, పై బీపీ పెరగాలి, కింది బీపీ దాదాపు ఉన్నచోటే ఉండాలి. శ్రమ పెరుగుతున్నా పై బీపీ మొదట ఉన్నదానికంటే 10కి మించి పడిపోతే, ఆ శ్రమకు తగినంత రక్తాన్ని గుండె అందించలేకపోతోందేమోనని అనుమానించి ఆపాలి. బీపీ పెరిగితే కంగారుపడే కొత్తవాళ్లే, పడిపోయిన బీపీని చూసి ‘118, బానే ఉంది’ అని రాసేసుకుంటారు. నడక మొదలుపెట్టేటప్పుడు అది 136 అని గుర్తుంటేనే ఆ 118 ఎంత ప్రమాదకరమో తెలుస్తుంది.

నాడి కూడా మోసం చేయగలదు. బీటా బ్లాకర్ మందులు గుండె వేగాన్ని అణిచి ఉంచుతాయి. రోగి మాట పూర్తి చేయలేనంత ఆయాసపడుతున్నా నాడి 84 దగ్గరే తచ్చాడవచ్చు. అందుకే స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ తయారుచేసిన శ్రమ స్కేలును వాడతారు. అందులో అంకెలు 6 నుంచి 20 దాకా ఉంటాయి. ఎంత కష్టంగా ఉందో రోగే ఒక అంకె చెప్పాలి. 6 దగ్గర మొదలవడం విచిత్రంగా అనిపిస్తుంది గానీ, ఆరోగ్యంగా ఉన్న యువతలో ఆ అంకెను పదితో గుణిస్తే దాదాపు గుండె వేగం వచ్చేలా బోర్గ్ దాన్ని అమర్చాడు. బీటా బ్లాకర్ వాడేవారి విషయంలో ఆ గుణకారం పనికిరాదు. రోగి చెప్పిన కష్టం మాత్రం లెక్కలోకి వస్తుంది. అసిస్టెంట్ మందుల జాబితా చదవాల్సిన కారణాల్లో ఇది మొదటిది.

రక్తపోటు విషయంలోనే ఒకదానికొకటి పూర్తిగా ఎదురుగా ఉండే అత్యవసర స్థితులు రెండున్నాయి. పడుకున్న మనిషి లేచి నిలబడగానే అర లీటరుకు పైగా రక్తం కాళ్లవైపు, పొట్ట కిందివైపు జారుతుంది. రక్తనాళాలు వెంటనే బిగుసుకుని ఆ లోటు పూడ్చాలి. చాలా రోజులు మంచం పట్టినవారిలో, ఒంట్లో నీరు తగ్గినవారిలో, పార్కిన్సన్స్ ఉన్నవారిలో, వెన్నుపాము దెబ్బతిన్నవారిలో ఈ స్పందన మందగిస్తుంది. నిలబడిన 3 నిమిషాల్లోపు పై బీపీ 20 గానీ, కింది బీపీ 10 గానీ తగ్గితే దాన్ని ఆర్థోస్టాటిక్ హైపోటెన్షన్ అంటారు. ముఖం పాలిపోతుంది, కళ్లు తిరుగుతాయి, మాట మందగిస్తుంది. ఇలాంటప్పుడు పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టాలి.

ఇక రెండోది. వెన్నుపాము ఛాతీ భాగంలో ఆరో విభాగం దగ్గర గానీ, అంతకంటే పైన గానీ దెబ్బతిన్నవారికి అటానమిక్ డిస్‌రిఫ్లెక్సియా వచ్చే ప్రమాదం ఉంది. మూత్రం పైపు మెలికపడి మూత్రాశయం ఉబ్బిందనుకుందాం. ఆ బాధ కబురు మెదడుకు చేరదు. గాయం కింద మిగిలిన వెన్నుపాము మాత్రం తనంతట తాను స్పందించి అక్కడి రక్తనాళాలను బిగించేస్తుంది. బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. తల పగిలిపోతున్నట్టు నొప్పి, గాయానికి పై భాగంలో ఎరుపు, చెమట, చాలామందిలో గుండె వేగం తగ్గడం దీని గుర్తులు. ఇక్కడ పడుకోబెడితే తలలో ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. నిటారుగా కూర్చోబెట్టాలి, బిగుతుగా ఉన్న బెల్టులు, బట్టలు వదులు చేయాలి, మూత్రం పైపు చూడాలి, వెంటనే సహాయం పిలవాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. ఇలాంటి రోగుల్లో మామూలు పై బీపీయే 90–110 మధ్య ఉండడం సాధారణం. అంతకంటే 20 నుంచి 40 పెరిగినా ప్రమాద సూచనే. మరొకరిలో అప్పటికప్పుడు కంగారుపడనక్కర్లేని 135 వీరిలో పక్షవాతానికీ మూర్ఛకూ దారితీయగల స్థితికి గుర్తు కావచ్చు.

ఒకే రోగికి ఈ రెండూ వేర్వేరు రోజుల్లో రావచ్చు. మొదటిసారి పడుకోబెట్టడం కాపాడితే, రెండోసారి అదే పని ప్రాణం మీదికి తెస్తుంది. లోపల ఏం జరుగుతోందో తెలియకుండా ‘కళ్లు తిరిగితే పడుకోబెట్టాలి’ అన్న సూత్రాన్ని మాత్రమే నేర్చుకున్నవారు ఇక్కడే దెబ్బ తింటారు.

నొప్పి పోయింది, గాయం మానలేదు

గాయం మానడానికి ఒక క్రమం ఉంది. మొదటి కొన్ని రోజులు వాపు, వేడి, ఎరుపు. తర్వాత కొన్ని వారాలపాటు కొల్లాజెన్ అనే ప్రోటీన్ కొత్త పోగులు హడావిడిగా, అడ్డదిడ్డంగా అల్లుకుంటాయి. ఆపైన నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాటేదాకా, శరీరం ఆ పోగులను పడే బరువుకు అనుగుణంగా సర్దుకుంటుంది. రోగి మాత్రం నొప్పినే లెక్కలోకి తీసుకుంటారు. నొప్పి తగ్గే వేగానికీ, కణజాలం బలపడే వేగానికీ పొంతన ఉండదు.

దీనికి మోకాలిలో ముందరి క్రూసియేట్ లిగమెంట్‌కు (ఎముకలను కలిపి ఉంచే పట్టీకి) చేసే శస్త్రచికిత్స చక్కని ఉదాహరణ. తెగిన లిగమెంట్ స్థానంలో చాలాసార్లు రోగి సొంత టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు) ముక్కనే తీసి అమరుస్తారు. ఆరేడు వారాలకు వాపు తీస్తుంది, నడక కుదురుతుంది, ‘ఇక పరిగెత్తొచ్చా’ అని రోగి అడుగుతారు. ఆ ముక్క బలహీనంగా ఉండే కాలం సరిగ్గా అదే. అందులోని పాత కణాలు చచ్చిపోయి, కొత్త రక్తనాళాలు చొచ్చుకొచ్చి, అది మెల్లగా లిగమెంట్‌లా మారే పని అప్పుడే సాగుతూ ఉంటుంది. పాదం గాల్లో ఉంచి, చీలమండకు బరువు కట్టి మోకాలిని పూర్తిగా చాపించే వ్యాయామాన్ని ఈ దశలో థెరపిస్టులు పరిమితం చేయడానికి కారణం అదే. చివరి 40 డిగ్రీలలో ఆ కదలిక మోకాలి కింది ఎముకను ముందుకు లాగి, కొత్త లిగమెంట్ మీదే భారం వేస్తుంది. ప్రణాళికలో ‘90 నుంచి 45 డిగ్రీల మధ్య మాత్రమే’ అని ఉంటే అది ఛాదస్తం అనుకుని రోగి ఉత్సాహం చూసి ఆ హద్దు దాటించకూడదు.

బలం విషయంలోనూ ఇలాంటి భ్రమే ఉంది. వ్యాయామం మొదలుపెట్టిన తొలి వారాల్లో రోగి ఎక్కువ బరువు ఎత్తగలగడానికి ప్రధాన కారణం నరాలు కండరాన్ని మెరుగ్గా వాడుకోవడం. కండరం లావెక్కడం తర్వాతి మాట. టెండన్లు బలపడడం ఇంకా నిదానం.

అలాగని ప్రతిదానికీ ఆపేయడమే క్షేమమనుకుంటే అదీ పొరపాటే. ఎముక మీద పడే బరువును బట్టి దాని నిర్మాణం మారుతుందని జర్మన్ సర్జన్ జూలియస్ వోల్ఫ్ 1892లోనే రాశాడు. బరువు పడకపోతే ఎముక పలచబడుతుంది, కదలని కీలు బిగుసుకుపోతుంది, వాడని కండరం కరిగిపోతుంది. నొప్పి అనగానే వ్యాయామం మానిపించే అసిస్టెంట్, మోకాలి మార్పిడి చేయించుకున్న రోగికి జీవితాంతం వంగని మోకాలిని మిగల్చవచ్చు. సాగదీసినప్పుడు కలిగి, కాసేపట్లో తగ్గిపోయే నొప్పి వేరు. రాత్రంతా నిలిచి, మర్నాటికి వాపు పెంచే నొప్పి వేరు. ఈ రెండో రకమైతే మోతాదు తగ్గించాలి. విశ్రాంతిలోనూ తగ్గకుండా, ఏ భంగిమలోనూ ఉపశమనం లేకుండా ఉంటే వ్యాయామం సంగతి పక్కనపెట్టి థెరపిస్టుకు చెప్పాలి.

కొలిచేటప్పుడు ఏం కొలుస్తున్నట్టు

కండర బలాన్ని 0 నుంచి 5 దాకా లెక్కించే పద్ధతి పోలియో రోగుల కోసం 20వ శతాబ్దం తొలినాళ్లలో అమెరికన్ సర్జన్ రాబర్ట్ లోవెట్ దగ్గర రూపుదిద్దుకుంది. దీనికి ఇరుసు 3. భూమ్యాకర్షణకు ఎదురుగా పూర్తి కదలిక చేయగలిగితే 3. ఆకర్షణ అడ్డురాని భంగిమలో పెడితేనే పూర్తిగా కదిలితే 2. కదలిక లేకున్నా కండరం బిగుసుకోవడం చేతికి తెలిస్తే 1. పైనున్న 4, 5 పరీక్షించేవారి చేతి బలాన్ని బట్టి మారిపోతాయి. అందుకే వేర్వేరు వ్యక్తులు కొలిచిన 4లను పోల్చి ‘మెరుగుపడలేదు’ అనేయడం అంత నమ్మదగిన పని కాదు.

కీలు కదలికను కోణాలు కొలిచే గోనియోమీటర్‌తో కొలుస్తారు. చేతి తేడా వల్ల ఐదు డిగ్రీల దాకా హెచ్చుతగ్గులు సహజం కాబట్టి, నిన్న 88, ఇవాళ 91 అంటే మెరుగుదల అని సంబరపడనక్కర్లేదు. డిగ్రీలకు అర్థం వచ్చేది పనితో ముడిపెట్టినప్పుడే. సమతలం మీద నడవడానికి మోకాలు సుమారు 60 డిగ్రీలు వంగితే చాలు. మెట్లెక్కడానికి 80–90 కావాలి. కుర్చీలోంచి సులువుగా లేవడానికి 90 దాటాలి.

తనంతట తాను కదిలించడానికీ, మరొకరు కదిలించడానికీ మధ్య తేడా చాలా చెబుతుంది. అసిస్టెంట్ చేత్తో చాపితే మోకాలు పూర్తిగా చాపుకుంటోంది, రోగి సొంతంగా చాపితే 15 డిగ్రీల ముందే ఆగిపోతోంది అంటే లోపం ప్రధానంగా తొడ ముందరి కండరంలో ఉంది. చేత్తో చాపినా అక్కడే ఆగుతోందంటే కీలో, దాని చుట్టూ ఉన్న కణజాలమో బిగుసుకుంది. ‘మోకాలు 15 డిగ్రీలు తక్కువ’ అని మాత్రమే రాస్తే థెరపిస్టుకు ఈ తేడా తెలియదు. కదలిక చివర చేతికి ఏం తగులుతోందన్నదీ అంతే ముఖ్యం. మెత్తగా ఆగడం, బిగువుగా ఆగడం, ఎముకకు ఎముక తగిలినట్టు ఆగడం అన్నీ ఏదో ఒక కీలులో మామూలే. కణజాలం అడ్డుపడకముందే రోగి నొప్పితో ఆపేస్తే దాన్ని ఖాళీ అంచు అంటారు. విరిగిన ఎముక, ఇన్ఫెక్షన్, కణితి లాంటివి దాని వెనక ఉండవచ్చు కాబట్టి అక్కడ సాగదీయడం ఆపాల్సిందే.

నడకలో చేతికర్ర ఏ చేతిలో ఉండాలన్నది రోగులు, కుటుంబసభ్యులు ఎక్కువగా తప్పు చేసే విషయం. నొప్పి ఉన్న తుంటి పక్కనే కర్ర పట్టుకోవాలనిపిస్తుంది. ఒంటికాలి మీద నిలబడ్డప్పుడు తుంటి కీలు తూగుడు బల్ల ఇరుసులా పనిచేస్తుంది: ఒకవైపు ఒంటి బరువు, మరోవైపు దాన్ని నిలబెట్టే పిరుదు పక్క కండరం. కండరం ఇరుసుకు దగ్గరగా ఉంటుంది కాబట్టి చాలా గట్టిగా లాగాలి. దాంతో కీలు మీద ఒంటి బరువుకు రెండున్నర, మూడు రెట్ల ఒత్తిడి పడుతుంది. నొప్పి ఉన్న తుంటికి అవతలి పక్క చేతిలో కర్ర ఉంటే అది బరువు వైపు నుంచి ఎత్తిపడుతుంది, కండరం లాగాల్సిన అవసరం తగ్గుతుంది. చంక కర్రలైతే పైభాగానికీ చంకకూ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. దాని మీద వేలాడితే చంకలోని నరం నొక్కుకుపోయి మణికట్టు వాలిపోతుంది.

సాయం ఎంత అందిందో రాయడంలో చాలామంది ఉదారంగా ఉంటారు. పనిలో 75 శాతానికి పైగా రోగే చేస్తే ‘కనిష్ఠ సాయం’, 50 నుంచి 74 శాతం చేస్తే ‘మధ్యస్థ సాయం’, 25 నుంచి 49 శాతమే చేస్తే ‘గరిష్ఠ సాయం’. రోగిని ప్రోత్సహించాలన్న మంచి మనసుతో మధ్యస్థాన్ని కనిష్ఠంగా రాస్తే, ఆ కాగితం చూసి ఇంటికి పంపేస్తారు. ఇంట్లో సగం బరువు మోయాల్సి వచ్చేది వయసు మళ్లిన జీవిత భాగస్వామికి.

చిన్నగా కనిపించే హెచ్చరికలు

శస్త్రచికిత్స తర్వాత ఒకే పిక్క ఉబ్బి, వేడిగా, నొప్పిగా ఉంటే లోతు సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. పాదాన్ని పైకి వంచి నొప్పి చూసే పాత హోమన్స్ పరీక్ష నమ్మదగినది కాదని ఎప్పుడో తేలిపోయింది. నొప్పి లేదు కనక గడ్డ లేదని దాని ఆధారంగా అనేయకూడదు. ఇలాంటి అనుమానం ఉన్న రోగికి హఠాత్తుగా ఊపిరాడక, ఛాతీలో నొప్పి వస్తే గడ్డ ఊపిరితిత్తులకు చేరి ఉండవచ్చు. అప్పుడు క్షణం ఆగకుండా అత్యవసర సహాయం పిలవాలి.

మధుమేహం ఉన్నవారు వ్యాయామం మధ్యలో వణుకుతూ, చెమటలు పడుతూ, తికమకగా మాట్లాడితే చక్కెర చూడాలి. డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే తక్కువ ఉండి, మింగగలిగే స్థితిలో ఉంటే 15 గ్రాముల త్వరగా జీర్ణమయ్యే చక్కెర ఇచ్చి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. స్పృహ తప్పుతున్నవారి నోట్లో ఏమీ పెట్టకూడదు.

పక్షవాతం వచ్చినవారిని పడిపోయిన చేయి పట్టి లేపకూడదు. చచ్చుబడిన భుజాన్ని పట్టి ఉంచే కండరాలు పనిచేయవు కాబట్టి కీలు కిందికి జారుతుంది, ఆ నొప్పి నెలల తరబడి వదలదు. మెదడు కుడి భాగం దెబ్బతిన్నవారు తమ ఎడమ పక్కను పట్టించుకోకపోవడం, చేయగలిగినదానికంటే ఎక్కువ చేయగలమనుకోవడం తరచుగా కనిపిస్తాయి. చక్కగా మాట్లాడతారు కాబట్టి వారిని ఒంటరిగా నిలబెట్టవచ్చనిపిస్తుంది. పడిపోయే ప్రమాదం అక్కడే ఎక్కువ.

వేడి ప్యాక్, అల్ట్రాసౌండ్, కరెంటు చికిత్సల గురించి చాలా పాఠాలుంటాయి గానీ, అసిస్టెంట్‌కు వాటిలో ప్రాణవాక్యాలు కొన్నే: స్పర్శ తెలియని చోట వేడి పెట్టకూడదు, కణితి మీద అల్ట్రాసౌండ్ వాడకూడదు, పేస్‌మేకర్ ఉన్నవారికి కరెంటు పెట్టేముందు థెరపిస్టును అడగాలి. అల్ట్రాసౌండ్‌లో 3 మెగాహెర్ట్జ్ పైపొరలకు, 1 మెగాహెర్ట్జ్ లోతుకు. అంకె పెద్దదైతే లోతుకు పోతుందనుకుని పరీక్షలో మార్కులు పోగొట్టుకునేవారికి కొదవలేదు. నిజానికి అల్ట్రాసౌండ్ వల్ల ఎంత మేలు జరుగుతుందన్నదానికే ఆధారాలు బలహీనం. అది పెట్టే పది నిమిషాల్లో నడిపిస్తే మేలన్న వాదనను కొట్టిపారేయలేం.

హద్దులు, బాధ్యత

ప్రణాళికలో ఉన్న వ్యాయామానికి మోతాదు పెంచడం, తగ్గించడం, భంగిమ మార్చడం అసిస్టెంట్ చేయవచ్చు. ప్రణాళికలో లేని కొత్త చికిత్స మొదలుపెట్టడం, లక్ష్యాలు మార్చడం, డిశ్చార్జి నిర్ణయం తీసుకోవడం చేయకూడదు. పుండులో చచ్చిన కణజాలాన్ని పదునైన పరికరంతో కోసి తీయడం, కీలును ఒక్కసారిగా నెట్టే మానిప్యులేషన్ థెరపిస్టే చేయాలన్నది అమెరికన్ ఫిజికల్ థెరపీ అసోసియేషన్ వైఖరి. రాష్ట్రాల చట్టాల్లో తేడాలున్నాయి, పనిచేసే రాష్ట్రం చట్టమే చెల్లుతుంది.

అసిస్టెంట్ గమనించినదంతా థెరపిస్టుకు చేరే దారి నోట్. వైద్యుడు లారెన్స్ వీడ్ 1960లలో రూపొందించిన పద్ధతిలో రోగి చెప్పినది, కొలిచి చూసినది, దాన్నిబట్టి అంచనా, ఇక చేయబోయేది అని నాలుగు భాగాలుంటాయి. ‘రోగి చికిత్సను బాగా తట్టుకున్నారు’ అనే వాక్యం అమెరికా క్లినిక్‌లలో రోజూ వేలకొద్దీ రాస్తారు. దాని నుంచి థెరపిస్టుకు తెలిసేది దాదాపు శూన్యం. ‘వాకర్‌తో 40 మీటర్లు, కనిష్ఠ సాయం, 25 మీటర్ల దగ్గర శ్రమ 15 అని చెప్పారు, బీపీ 136 నుంచి 118, ఆపి కూర్చోబెట్టగా 4 నిమిషాలకు 132, థెరపిస్టుకు ఫోన్ చేసి చెప్పడమైంది’ అని రాస్తే, ప్రణాళిక మార్చాలో వద్దో అటువైపు ఉన్నవారు నిర్ణయించుకోగలరు.

నోట్ చివర ఉన్న ఆ ‘ఫోన్ చేసి చెప్పడం’ మునుపటికంటే ఇప్పుడు బరువైంది.  అమెరికాలో వృద్ధుల బీమా పథకం మెడికేర్ 2025 జనవరి నుంచి, ప్రైవేట్ ప్రాక్టీస్ క్లినిక్‌లలో అసిస్టెంట్ పనిచేసేటప్పుడు థెరపిస్ట్ అదే ఆఫీసులో ఉండాలన్న నిబంధనను సడలించింది. రాష్ట్రం చట్టం ఒప్పుకుంటే ఫోన్‌లో అందుబాటులో ఉంటే చాలు. పక్క గదిలోకి తొంగిచూసి ‘ఒకసారి ఇలా రండి’ అని పిలిచే వీలు లేని క్లినిక్‌లో, ఆ 118ని చూసి నడక ఆపాలని మొదట అనుకోవాల్సింది అసిస్టెంటే.